ఎర్రపెన్నమ్మ మొదటి వాక్యం

ఆవిడకి కూర్చోవడం నేర్పడానికి ముగ్గురు మనుషులు కావలసివచ్చారు.

వెనక ఒకరు, ముందు ఒకరు, పక్కన ఒకరు. కసరత్తు గదిలో మోకాలెత్తున్న వెడల్పాటి బల్ల మీద, నిలువుటద్దానికి ఎదురుగా, కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టి "ఇక చేతులు వదిలెయ్యండమ్మా" అన్నాడు ఫిజియో మాస్టారు. వదిలింది. కుడివైపుకి ఒరిగిపోయింది. పట్టుకుని సర్దారు. మళ్లీ వదిలింది. ఈసారి ఎడమవైపుకి.

"ఎవరినీ నొప్పించకుండా రెండు పక్షాలకూ సమానంగా ఒరుగుతున్నారే!" అన్నాడాయన.

"అత్తగారికీ మొగుడికీ మధ్య ఇరవై రెండేళ్ల అనుభవం మాస్టారూ" అంది ఆవిడ.

పక్కనున్న సిస్టర్ ఫక్కున నవ్వి పట్టు వదిలేసరికి నలుగురూ కలిసి పడబోయారు.

నవ్వించడానికే అన్నా, తనకి కూర్చోవడం రాదన్నది మాత్రం నిజమేనని ఆ అద్దంలో చూసుకుంటుంటే ఆవిడకి తెలిసింది. ఇరవై రెండేళ్లుగా ఇల్లు కూర్చింది గాని తను కూర్చోలేదు. కూరకీ కూర్చోవడానికీ మధ్య ఎప్పుడూ ఎవరిదో ఒకరి కేక అడ్డుపడేది. పళ్లెం పట్టుకుని కుర్చీ లాక్కునే సమయానికే అత్తగారికి మాత్ర గుర్తొచ్చేది, ఆయనకి తువ్వాలు గుర్తొచ్చేది, కుక్కర్‌కి తనొకతి ఉన్నానని గుర్తొచ్చి ఈల వేసేది. అందుకని ఆవిడ కుర్చీలో సగమే కూర్చునేది. మిగతా సగం ఎప్పుడూ లేవడానికి సిద్ధంగా ఉండేది. ఇప్పుడు మాస్టారు "బరువంతా బల్ల మీద వేసెయ్యండి, మీరిప్పుడు లేవాల్సిన పనేం లేదు" అంటుంటే ఆ మాట చెవికి కొత్తగా, కాస్త అనుమానంగా కూడా తగిలింది. లేవాల్సిన పని లేదట! కాళ్లు రెండూ మాట వినడం మానేశాక గాని ఆ మాట తనతో అనే మనిషి దొరకలేదు.

పనిపడి ఎక్కింది, పడింది. అంతే జరిగింది. చుట్టాలొస్తున్నారని అటక మీది పెద్ద గిన్నె దించడానికి బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కింది. గిన్నె చేతికి అందింది, స్టూలు కాలికి అందలేదు. నడుముకి కాస్త పైన వెన్నుపూస విరిగి, లోపలి వెన్నుపాముకి దెబ్బ తగిలింది. మెదడు చెప్పే మాటని కాళ్లకి మోసుకెళ్లేది ఆ పామేనని, దెబ్బ తగిలితే అది బుస కొట్టదని, నోరు కట్టేసుకుంటుందని ఆపరేషన్ చేసిన డాక్టరు వివరించాడు. ఎన్నాళ్లు కట్టేసుకుంటుందని అడిగితే ఆయనే నోరు కట్టేసుకున్నాడు. చూడవచ్చినవాళ్లు వెన్నుపూస గురించి వెన్న పూసినట్టు మాట్లాడి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసేవారు. "అసలు నిన్నెవరెక్కమన్నారమ్మా?" ఎవరూ ఎక్కమనలేదు. ఇంకెవరూ ఎక్కరు కూడా. ఆ రెంటికీ మధ్యనున్న సందులోనే ఆవిడ స్టూలు వేసింది.

మూడు వారాలు పైకప్పు కేసి చూస్తూ ఏడ్చింది. ఆ తర్వాత ఈ వార్డుకి పంపారు.

ఈ వార్డు సంగతే వేరు. ఇక్కడ ఒక మనిషికి ఒక డాక్టరు కాదు, ఒక జట్టు. పైన పెద్ద డాక్టరమ్మ. కండలకీ కదలికలకీ ఫిజియో మాస్టారు. చర్మం కందకుండా, పుండ్లు పడకుండా, మూత్రం వేళకి గొట్టంతో తీసుకోవడం ఎలాగో సిగ్గుపడకుండా నేర్పడానికి సిస్టర్. బట్టలు తొడుక్కోవడం దగ్గర్నుంచి రోజువారీ పనులన్నీ కొత్త పద్ధతిలో చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకమ్మాయి. ఆ పేరు పలకడానికే వేరే థెరపీ కావాలి కనక అందరూ 'ఓటీ అమ్మాయి' అంటారు. పేరుకే ఓటీ, మనిషి మహా గట్టిది. మేజోడు తొడుక్కోవడానికి మొదటి రోజు ఆవిడకి ఇరవై ఆరు నిమిషాలు పడితే, వాచీ చూస్తూ నిలబడిందే గాని చెయ్యి వెయ్యలేదు. "సాయం చెయ్యడం నాకు చిటికెలో పని ఆంటీ, చెయ్యకుండా ఉండటమే నా ఉద్యోగం" అంది.

మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి నున్నటి చెక్కపలక మీద జరుగుతూ మారడాన్ని ఇక్కడ 'ట్రాన్స్‌ఫర్' అంటారు. ఇరవై ఏడేళ్ల ఆఫీసు సర్వీసులో ఒక్క ట్రాన్స్‌ఫర్ కూడా లేకుండా నెట్టుకొచ్చిన ఆవిడ భర్త, పెళ్లానికి రోజుకి పదహారు ట్రాన్స్‌ఫర్లని విని గుండె పట్టుకున్నాడు. "ఎవర్నైనా పట్టుకుని ఆపించలేమా?" అని కూడా అన్నాడు, జోకనుకుని. అనుకున్నది ఆయనొక్కడే. ఆవిడ మాత్రం ఆ పదహారింటినీ ఒక్కొక్కటిగా గెలుచుకుంది. చేతుల మీద ఒళ్లెత్తి, పలక మీద జరిగి, కుర్చీలో పడి, ఊపిరి పీల్చుకుని "వచ్చేశా" అనుకునేది. వంటింట్లోంచి హాల్లోకి రోజుకి నూటయాభై సార్లు వచ్చినప్పుడు ఒక్కసారి కూడా అలా అనుకోలేదు.

చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు గాని, ఆవిడకి ఇక్కడ బాగుంది. కాళ్ల గురించిన దుఃఖం ఎక్కడికీ పోలేదు. తెల్లవారి దుప్పటి తీసి, అవి తనవేనా అన్నట్టున్న ఆ రెండింటినీ చూసుకున్నప్పుడల్లా దుప్పటి మళ్లీ కప్పేసేది. అయినా బాగుంది. వేడివేడి టీ వేడిగా ఉండగానే తాగుతోంది. "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగినవాళ్లు జవాబు వచ్చేదాకా ఆగుతున్నారు. గోడకి అంటించిన నోటీసుల్లో తప్పులన్నీ సిస్టర్ దగ్గర ఎర్ర పెన్ను అడిగి దిద్దేసింది. 'రోగులకు పరమార్శ వేళలు' అన్నచోట 'పరామర్శ' అని మార్చి, పక్కన 'పరమార్థం మాత్రం డాక్టరుగారే చెప్పాలి' అని చేర్చింది. అప్పటినుంచి వార్డు మొత్తానికి ఆవిడ ఎర్రపెన్నమ్మ.

పెళ్లయిన తర్వాత నాలుగేళ్లు ఆవిడ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. అచ్చు పని ఆవిడకి అచ్చొచ్చింది, అత్తగారికి అచ్చిరాలేదు. "ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దింది చాల్లే, ఇంట్లో పిల్లదాని తప్పులు దిద్దుకో" అన్నారు అత్తగారు. మానేసింది. ఆ పిల్లది ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, తన తప్పులు తనే చేసుకుంటోంది, తనే దిద్దుకుంటోంది. ఈ మధ్యే అచ్చాఫీసు యజమాని, ముసలాయన, ఈవిడ సంగతి తెలిసి ఫోన్ చేశాడు. "మా దగ్గర ఎప్పుడూ కుర్చీల కొరతేనమ్మా. మీరు మీ కుర్చీ తెచ్చుకుంటానంటే అంతకంటే ఏం కావాలి?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఈ వార్డుకో పద్ధతి ఉంది. గురువారం గురువారం జట్టంతా కూర్చుని ఒక్కో మనిషి గురించి మాట్లాడుకునే సమావేశాన్ని వాళ్లు గోల్ మీటింగ్ అంటారు. మంచాల మీదివాళ్లు గోల మీటింగ్ అంటారు. ఇంటికి పంపడానికి ఆరు వారాల ముందు జరిగే మీటింగు అన్నిటికంటే ముఖ్యం. దానికి ఇంటివాళ్లు కూడా రావాలి. అందులో పేషెంటు తన చేత్తో, తన మాటల్లో ఒకే ఒక్క వాక్యం రాయాలి. ఇంటికి వెళ్లాక తనకి అన్నిటికంటే ముందు ఏం చేతకావాలో. దాన్ని 'మొదటి వాక్యం' అంటారు. ఇంకెవరూ రాయకూడదు, దిద్దకూడదు. కింద జట్టూ ఇంటివాళ్లూ సంతకాలు పెడతారు. ఇక ఆ ఆరు వారాల కసరత్తంతా ఆ వాక్యం చుట్టూనే. ఇంటికొచ్చి గుమ్మాలూ మెట్లూ మార్చే మేస్త్రీ కూడా ముందు ఆ వాక్యానికి అక్కరకొచ్చే పనే చేస్తాడు, మిగతావన్నీ ఎప్పుడో తర్వాత.

ఆవిడ వంతు వచ్చే గురువారం.

ఆ గురువారానికి రెండు వారాల ముందు కసరత్తు గదిలో ఒక చిత్రం జరిగింది. మాస్టారు ఆవిడ చేతికి ఒక కిలో డంబెల్ ఇచ్చాడు. మొదటినుంచీ ఆవిడకి అదే ఇస్తున్నారు. దాన్ని అందుకుని, సిస్టర్‌తో కబుర్లు చెబుతూ అటూ ఇటూ తిప్పి, "ఇది ఎక్కడ పెట్టమంటారు మాస్టారూ?" అంది.

"పెట్టడమేంటమ్మా? ఎత్తాలి."

"ఎత్తానుగా! మీ చేతిలో బరువుగా ఉందని కాసేపు పట్టుకోమన్నారనుకున్నా."

ఆయన రెండు కిలోలిచ్చాడు. మూడిచ్చాడు. ఐదిచ్చాక ఆవిడ కాస్త కబుర్లు తగ్గించింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"మీరు ఇంతకుముందు ఏం చేసేవారమ్మా?"

"ఏం చేస్తానండీ, ఇంట్లోనే."

"ఇంట్లో ఊరికే కూర్చున్న చేతులు కావివి" అని ఆయన ఓటీ అమ్మాయిని కేకేశాడు. "ఏమ్మా, 'శ్రమ స్వల్పం, తేలిక వ్యాయామం చాలు' అని మనకి చెప్పిందెవరు?"

ఓటీ అమ్మాయి ఫైలు తెచ్చి తిరగేసింది. 'గాయానికి ముందు జీవితం' అన్న ఫారం. ఆవిడ కదలకుండా పడుకుని ఉన్న రోజుల్లో భర్త నింపినది. "చూడొచ్చా తల్లీ?" అని ఆవిడ చెయ్యి చాచింది.

చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆఫీసు మనిషి, ఫారాలు నింపడంలో దిట్ట. ఉద్యోగం అన్నచోట 'లేదు'. ఇంటి బాధ్యతలు అన్నచోట 'ప్రత్యేకంగా ఏమీ లేవు'. ఆసక్తులన్న గడిలో 'టీవీ'. పగటివేళ వ్యాపకం అన్న గడి దగ్గర కాస్త ఆలోచించినట్టున్నాడు, సిరా మచ్చ పడింది. ఏ గడినీ ఖాళీగా వదలకూడదన్నది ఆయన ఆఫీసు నియమం. అందుకని అందులో 'ఖాళీ' అని రాశాడు.

ఆవిడకి మొదట కోపం రాలేదు. పాత అలవాటు చొప్పున అక్షరదోషాల కోసం వెతికింది. ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ వాస్తవ దోషాలే. ఆ కాగితాన్ని నమ్మే ఈ పిచ్చి జట్టు ఆవిడకి కిలో బరువులిచ్చింది, గంటకోసారి విశ్రాంతినిచ్చింది, రోజూ సాయంత్రం రంగు పూసలు దారానికి గుచ్చే పని ఇచ్చింది. వెన్నుపూస విరిగినదానికి పూసలు గుచ్చే వైద్యమేమిటా అని అప్పుడే అనుమానం వచ్చింది గాని, డాక్టర్లు కదా, తెలిసే చేస్తుంటారని ఊరుకుంది. అంతకంటే ఆవిడని కుదిపింది వేరే సంగతి. ఆయన అబద్ధం రాయలేదు. మోసం చేసే మనిషి కాదు. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికొచ్చి, ఫ్లాస్కు కడిగి, దిండు సర్ది, ఒక్కరోజైనా విసుక్కోకుండా కూర్చునే మనిషి. ఆయన కంటికి కనిపించిందే రాశాడు. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో తిరిగిన మనిషికి కనిపించింది ఆ గడిలో రాసిన ఆ రెండక్షరాలే. పైగా ఇందాక మాస్టారు అడిగితే తనేం చెప్పింది? 'ఏం చేస్తానండీ' అని. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. దాంపత్యమంటే ఇదే కాబోలు!

"ఆంటీ," అంది ఓటీ అమ్మాయి, ముఖం ఎర్రబడి, "నేను మిమ్మల్నే అడగాల్సింది. తప్పు నాది." కొత్త కాగితం తీసింది. నిలువునా ఇరవై నాలుగు గంటలు గీసి ఉన్న కాగితం. "పడకముందు ఒక మామూలు రోజు. మీ చేత్తో రాయండి."

"ఒకటి చాలదేమో తల్లీ" అంది ఆవిడ.

ఐదు పట్టాయి. మొదటి కాగితం పొద్దున్న తొమ్మిదిన్నరకే నిండిపోయింది. నీళ్ల మోటారు, పాలు, వంట, ఆయన డబ్బా, పనంతా అయ్యాక మళ్లీ పని. అత్తగారి మోకాళ్లకి మందు రాసి మర్దనా చెయ్యడం రోజుకి రెండుసార్లు, ఎనిమిదేళ్లుగా. నీళ్ల బకెట్లు మేడ మీదికి, తడిబట్టల బుట్ట మేడ మీదికి, ఆరిన బట్టలు కిందికి. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది. ఆయన ఆఫీసు రిపోర్టులు దిద్దడం. భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి, వారానికి రెండో మూడో. "మీ రిపోర్టులో తప్పు వెతికినా దొరకదయ్యా" అని పై ఆఫీసరు మెచ్చుకున్న రోజు ఆయన ఇంటికి మిఠాయి తెచ్చాడు. అందరికీ పంచి డబ్బా కడిగి బోర్లించింది తనే. అదీ రాసింది. చివర్న, ఏది ఎక్కడుందో, ఎవరికి ఏది పడదో, ఏది ఎప్పుడు అయిపోతుందో గుర్తుపెట్టుకోవడం అని రాసి, ఎన్ని గంటలకి ఎన్ని గంటల వరకు అన్న చోట మొత్తం పేజీ పొడవునా ఒక గీత గీసింది.

మర్నాటినుంచి పూసలు మాయమయ్యాయి. మాస్టారు ఎనిమిది కిలోలు తెచ్చాడు.

బుధవారం సాయంత్రం భర్త వచ్చాడు. ఫ్లాస్కు కడిగాడు, దిండు సర్దాడు, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"రేపటికి నీకు శ్రమ లేకుండా రాసి తెచ్చేశా. చూసి కాపీ చెయ్యి, చాలు."

'ఇంటికి వెళ్లిన తర్వాత యథాప్రకారం వంట, ఇంటిపని చేసుకోగలగాలి.'

"వంటింటి గట్టు ఎత్తు తగ్గించాలి కదా, మేస్త్రీతో కూడా మాట్లాడా" అన్నాడు సంతోషంగా. "అమ్మ కూడా అదే అంటోంది. 'పాపం, తన వంటిల్లు తనకి దక్కితే అదే దానికి సగం బలం' అని. నీ కోసమే ఆలోచిస్తున్నామే అందరం. బాగోలేదా?"

"బాగానే ఉంది. 'యథాప్రకారం' అని తప్పుల్లేకుండా రాశారే!"

"నీ ట్రెయినింగే కదా" అని ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. నిజంగానే ప్రేమగా తెచ్చాడు. అదే బాధ.

ఆయన వెళ్లాక ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కాపీ చెయ్యడం ఎంత పని? ఇంకొకళ్ల వాక్యాన్ని తప్పుల్లేకుండా అచ్చులోకి దించడమే కదా ఆవిడ విద్య. రాసింది ఎవరైనా, దిద్దడమే తన వంతు. చెడ్డ వాక్యం కూడా కాదు. వంటింటి మీద తనకేం పగ లేదు. కాదంటే ఆయన ముఖం చిన్నబోతుంది, అత్తగారి ముఖం పెద్దదవుతుంది. మరి దీని బదులు ఏం రాస్తావు అని తనని తనే ప్రశ్నించుకుంది. ఎవరికి ఏం కావాలో అడక్కుండానే చెప్పగలిగిన మనిషి, 'నాకు' అని మొదలుపెట్టిన వాక్యాన్ని ఎలా పూర్తి చెయ్యాలో తెలియక, చేతిలో పెన్నుతో చీకటి పడేదాకా కూర్చుండిపోయింది. 'నాకు' తర్వాత ఆవిడకి అలవాటుగా వచ్చేవి రెండే. 'నాకు తెలుసు', 'నాకు పర్లేదు'. 'నాకు కావాలి' అన్నదాన్ని చివరిసారి ఎప్పుడు వాడిందో గుర్తురాలేదు. కాళ్లకంటే ముందే ఒంట్లో ఇంకేదో చచ్చుబడింది కాబోలు, దానికి స్కానింగు లేక ఎవరూ కనిపెట్టలేదు అనుకుంది.

గురువారం పదకొండు గంటలకి గుండ్రటి బల్ల చుట్టూ జట్టంతా చేరింది. ఒకవైపు భర్త, ఆయన పక్కన చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని అత్తగారు. ఆవిడ చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ వచ్చి బల్ల దగ్గర ఆపింది.

"ముందు నడుస్తుందా నడవదా, అది చెప్పండి డాక్టరమ్మా" అన్నారు అత్తగారు.

"ఈ రోజుకి చెప్పలేనమ్మా. ఆశ వదలం, అబద్ధం చెప్పం. నడిచినా నడవకపోయినా బతకాలిగా, ఇవాళ ఆ సంగతే" అంది పెద్ద డాక్టరమ్మ. ఓటీ అమ్మాయిని చూసి తలూపింది.

ఓటీ అమ్మాయి ఐదు కాగితాలూ చదివింది. పైకి, నింపాదిగా, పొద్దుటి మోటారు దగ్గర్నుంచి. మూడో కాగితం దగ్గర భర్త నీళ్లు తాగాడు. రిపోర్టుల దగ్గర గ్లాసు కింద పెట్టాడు. చదవడం అయ్యాక మాస్టారు, తను చెప్పలేదా అన్నట్టు, ఆవిడ చేతులకేసి చూశాడు.

"ఇప్పుడివన్నీ ఎవరు చేస్తున్నారండీ?" అని డాక్టరమ్మ మామూలుగానే అడిగింది.

భర్త వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "వంటకి ఒకావిడ వస్తోందండి. అంట్లకీ ఊడవడానికీ ఇంకొకావిడ. బట్టలు బయటికిస్తున్నాం. అమ్మకి పగలు ఆయా. సరుకులూ అవీ శనాదివారాల్లో మా అమ్మాయి వచ్చి చూస్తోంది..." చెయ్యి మొత్తం మూసుకుపోయింది. ఆ గుప్పిటని ఆయనే కాసేపు చూసుకున్నాడు.

"మరి మీ రిపోర్టులు?" అంది ఓటీ అమ్మాయి.

"అవి... ప్రస్తుతానికి తప్పులతోనే పంపుతున్నానండి."

"ఆ ఆయావి చేతులా అవి?" అని అత్తగారు అందుకున్నారు. "రోకళ్లు! మోకాళ్లకి మందు రాయమంటే దంచుతుంది. ఈవిడ చెయ్యి పడితే నొప్పి తెలిసేది కాదు." ఇరవై రెండేళ్లలో అత్తగారి నోట కోడలి గురించి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. అదీ ఫిర్యాదు రూపంలో వచ్చింది.

డాక్టరమ్మ నవ్వింది. "ఒక మనిషిని బాగుచెయ్యడానికి ఇక్కడ నలుగురం. ఆ మనిషి పని చెయ్యడానికి అక్కడ ఐదుగురు. సరే. ఎర్రపెన్నమ్మగారూ, వీటిలో మీకు ఏవి తిరిగి కావాలి?"

ఆవిడ ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ తిరిగి వెళ్లడమంటే మొత్తం తిరిగి నెత్తికెత్తుకోవడమే అనుకుంది. ఏరుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. కాగితాలు దగ్గరికి లాక్కుని ఎర్ర పెన్ను మూత తీసింది. మోటారు కొట్టేసింది. మేడ మెట్లు కొట్టేసింది. రిపోర్టుల మీద రెండు గీతలు గీసింది, ఒకటి ఇప్పటికీ, ఒకటి గతానికీ. వంట దగ్గర ఆగి, సగం కొట్టేసి 'పొద్దుటి పూట ఆయన' అని పక్కన రాసింది. అత్తగారి మోకాళ్ల దగ్గరకొచ్చి పెన్ను పైకెత్తింది.

"ఇది నేనే చేస్తాను. కూర్చుని చేసే పనే కదా" అంది. అత్తగారు చేతికర్రకేసి చూస్తూ ముక్కు ఎగబీల్చారు.

"పొద్దుటి పూట నేనా?" అన్నాడు భర్త. "నాకు స్టవ్ వెలిగించడం తప్ప..."

"అది వస్తే మిగతాది నేర్పిస్తాం సార్" అన్నాడు మాస్టారు. "ఇంటివాళ్లకి ట్రెయినింగు మంగళవారాలు. మీ ఇంటి జట్టులో మీ పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉంది."

"ఇక మొదటి వాక్యం" అంది డాక్టరమ్మ, తెల్ల కాగితం ముందుకు జరుపుతూ.

భర్త ఇచ్చిన కాగితం ఆవిడ ఆసుపత్రి గౌను జేబులోనే ఉంది. దాన్ని తీసి, బల్ల మీద పెట్టి, మడత విప్పకుండానే ఆయన వైపు మెల్లగా జరిపింది. "ఇది మీ వాక్యమండీ. బాగుంది. మీ చేత్తో మీరు రాసుకోవాల్సింది, నా చేత్తో కాదు." గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ప్రూఫు సరిచూసి సొంతదారుకి అప్పగించినట్టు అంది. తెల్ల కాగితం మీద వంగింది. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. రాత్రంతా దొరకని వాక్యం, ఇందాక ఆ గీతలన్నీ గీసేశాక, మిగిలిన జాగాలో దానంతటదే కనిపించింది.

ఓటీ అమ్మాయి పైకి చదివింది. "నేను ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి బయటికి వెళ్లి, నా ఇష్టం వచ్చినప్పుడు తిరిగి రాగలగాలి."

జట్టు జట్టంతా ఒక్కసారిగా మాటలందుకుంది. "వీధిగుమ్మానికి ర్యాంపు, తలుపు వెడల్పు చెయ్యాలి" అని ఓటీ అమ్మాయి. "రోడ్డు మీద గతుకులు, పేవ్‌మెంటు అంచులు ఎక్కడం, దిగడం. కుర్చీని వెనక చక్రాల మీద నిలపడం రేపే మొదలుపెడదాం" అని మాస్టారు. "బయట ఎక్కడున్నా వేళకి గొట్టం వాడుకునేలా చిన్న సంచీ సర్దిస్తా. చర్మం కందకుండా అరగంటకోసారి చేతుల మీద లేవడం మర్చిపోతే ఒప్పుకోను" అని సిస్టర్. ఒక్క చిన్న వాక్యంలో నలుగురికీ చేతినిండా పని దొరికింది.

"చెప్పకుండానా?" అన్నారు అత్తగారు, అప్పటికి అర్థమై. "ఆడది ఇంట్లోంచి చెప్పకుండా వెళ్లడమేంటి? రెండు కాళ్లూ ఉన్న రోజుల్లో కూడా గడప దాటితే నాకు చెప్పే దాటేది!"

"అవునత్తయ్యా" అంది ఆవిడ.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "అంటే ఇది గాయానికి ముందు మీరు చేస్తూ ఉన్న పని కాదన్నమాట. మామూలుగా మేము పోయినదాన్ని తిరిగి తెప్పించడానికి చూస్తాం."

"ఇది నా దగ్గర ఎప్పుడూ లేదండి" అంది. "తిరిగి ఇమ్మనడం లేదు. కొత్తగా అడుగుతున్నాను."

డాక్టరమ్మ సంతకం పెట్టి కాగితం పక్కకి జరిపింది. మాస్టారు, సిస్టర్, ఓటీ అమ్మాయి పెట్టారు. కాగితం తిరిగి తిరిగి భర్త ముందు ఆగింది. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. వాళ్లమ్మకేసి చూశాడు, తన గుప్పిటకేసి చూశాడు, ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషికేసి, చూపు ఎక్కడ ఆనించాలో తెలియనట్టు చూశాడు. సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టకుండా ఆమె వైపు వంగి, అధికారమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు, మెల్లగా అడిగాడు.

"ఇంతకీ ఎక్కడికెళ్తావ్?"

ఆవిడ కుర్చీలో వెనక్కి జారగిలబడి, ఒంటి బరువంతా దానికి వదిలేసి, హాయిగా నవ్వింది.

"చెప్పకుండా అని రాశాను కదండీ!"